తాళం – తాళంచెవి

తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి ఆలయంలో సంకీర్తన భాండాగారం అనే చిన్న రాతి అర ఒకటి ఉంది. పదిహేనో శతాబ్దికి చెందిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను, వారి వంశీయుల రచనలను రాగిరేకులపై చెక్కించి అందులో భద్రపరచారు. తాటాకుకు చెద భయం. కాగితానికి తడి భయం. రాగిరేకు మాత్రం శతాబ్దాల తరబడి నిలుస్తుంది. ఆ ముందుచూపు వల్లనే వేలాది సంకీర్తనలు తెలుగువారికి దక్కాయి. అయితే ఈ కథకు మరొక పార్శ్వం కూడా ఉంది. ఆ రేకుల ఉనికిని కాలక్రమంలో లోకం చాలావరకు మరచిపోయింది. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో అవి వెలుగుచూసి, పండితులు వాటిని పరిష్కరించి ప్రకటించేవరకు ఆ పాటలలో అధికభాగం జనుల నోట పలకలేదు. సంపదను దాచడం ఒక పని. దాచినదానిని తిరిగి చేరుకునే దారిని కాపాడుకోవడం మరొక పని. మొదటిది ఎంత ముఖ్యమో రెండవదీ అంతే ముఖ్యమని ఆ రాతి అర బోధిస్తుంది.

నేటి కుటుంబాల సంపదలో గణనీయమైన భాగం కంప్యూటర్లలో ఉంది. పెళ్లి ఫోటోలు, పిల్లల మార్కుల జాబితాలు, ఆధార్, పాన్ కార్డుల నకళ్లు, పొలం దస్తావేజుల ప్రతులు, బ్యాంకు వివరాలు, వైద్య పరీక్షల నివేదికలు అన్నీ ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోయాయి. ఆ పెట్టె శాశ్వతం కాదు. హార్డ్ డిస్క్ ఏదో ఒకనాడు చెడిపోక తప్పదు. దొంగ ఎత్తుకుపోవచ్చు, వరద ముంచవచ్చు, పొరపాటున ఒక మీట నొక్కితే సంవత్సరాల శ్రమ తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే ముఖ్యమైన సమాచారానికి వేరొక చోట ప్రతి తీసి ఉంచాలి. దీనినే బ్యాకప్ అంటారు. ఈ సలహా అందరూ వినేదే. ఆచరించేవారు కొందరైనా ఉన్నారు. కాని ప్రతి తీయడంతో బాధ్యత ముగిసిందనుకోవడం పొరపాటు. నిజానికి అక్కడ కొత్త బాధ్యత మొదలవుతుంది.

ఒక రహస్యం ఒక చోట ఉంటే కాపాడవలసిన చోటు ఒకటే. రెండు చోట్ల ఉంటే కాపాడవలసిన చోట్లు రెండు. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, గదికి తాళం వేసే మనిషే అందులోని సమస్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి చొక్కా జేబులో వేసుకొని బస్సెక్కుతాడు. దరఖాస్తు నింపడానికి ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లిన విద్యార్థి తన ధ్రువపత్రాలన్నీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను అక్కడే మరచి వస్తాడు. అది ఎవరి చేతికి చిక్కితే వారికి అందులోని ప్రతి అక్షరమూ కనిపిస్తుంది. ముందువాకిలికి ఇనుప తలుపు బిగించి పెరటివాకిలి తెరిచి ఉంచడం వంటిదే ఇది.

ఈ అజాగ్రత్త సామాన్యులకే పరిమితం కాదు. 2007లో బ్రిటన్ పన్నుల శాఖ బాలల భత్యానికి సంబంధించిన వివరాలను రెండు సీడీలలో నకలు తీసి, ఉత్తర ఇంగ్లండులోని తన కార్యాలయం నుండి లండన్‌లోని ఆడిట్ కార్యాలయానికి పంపింది. ఆ సీడీలు గమ్యం చేరలేదు. వాటిలో సుమారు 2.5 కోట్ల మంది పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, అనేకుల బ్యాంకు ఖాతాల వివరాలు ఉన్నాయి. శాఖాధిపతి రాజీనామా చేయవలసి వచ్చింది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. ఆ సీడీలకు పాస్‌వర్డ్ ఉంది. వాటిలోని సమాచారానికి గుప్తీకరణ లేదు. అంతకు ముందు సంవత్సరం, 2006లో, అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఒకరి ఇంట్లో ల్యాప్‌టాప్‌తో పాటు ఒక హార్డ్ డిస్క్ చోరీ అయింది. సుమారు 2 కోట్ల 65 లక్షల మంది వివరాలు గుప్తీకరణ లేకుండా వాటిలో ఉన్నాయి. కొన్ని వారాలకు ఆ వస్తువులు దొరికాయి కాని, ఆ లోపల కోట్లాది కుటుంబాలు అనుభవించిన ఆందోళనకు పరిహారం లేదు.

పాస్‌వర్డ్‌కు, గుప్తీకరణకు భేదం తెలియకపోవడమే ఇటువంటి అనర్థాలకు మూలం. కంప్యూటర్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్ వాకిట నిలిచిన కావలివాని వంటిది. డిస్క్‌ను ఊడదీసి మరొక కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ కావలివాడు అడ్డురాడు. గుప్తీకరణ అలా కాదు. అది అక్షరాలనే మార్చివేస్తుంది. తాళంచెవి లేనివారికి డిస్క్ చిక్కినా అర్థంలేని గుర్తుల కుప్ప తప్ప మరేమీ చిక్కదు. దీనినే ఎన్‌క్రిప్షన్ అంటారు.

రహస్యలిపి భారతీయులకు కొత్త కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవై నాలుగు కళలలో మ్లేచ్ఛిత వికల్పం ఒకటి. సంకేత భాషలో రాయడం, చదవడం అని దాని భావం. రోమన్ సేనాని జూలియస్ సీజర్ ప్రతి అక్షరానికీ బదులు మూడు స్థానాల తరువాతి అక్షరాన్ని వాడి లేఖలు రాసేవాడు. ఇటువంటి పద్ధతులలో ఒక లోపముంది. ఉపాయం బయటపడితే రహస్యమూ బయటపడుతుంది. ఈ లోపాన్ని తొలగించే సూత్రాన్ని 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ ప్రతిపాదించాడు. తాళం నిర్మాణం శత్రువుకు తెలిసినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటి తెలియకుంటే చాలు, అనేదే ఆ సూత్ర సారాంశం. నేటి గుప్తీకరణ అంతా ఈ పునాదిపైనే నిలిచి ఉంది.

తాళం ఎంత గట్టిదో లోకం ముందు పరీక్షించి చూడాలన్న సంప్రదాయం కూడా దీని నుండే బలపడింది. 1977లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన డీఈఎస్ అనే పద్ధతిలో తాళంచెవి పొడవు 56 బిట్లు. అంటే సాధ్యమైన తాళంచెవులు సుమారు 720 కోట్ల కోట్లు. ఆనాటికి అది ఊహకందని సంఖ్య. 1998లో ఒక పౌరహక్కుల సంస్థ ప్రత్యేకంగా నిర్మించిన యంత్రం ఆ తాళాన్ని 56 గంటలలో తెరిచింది. దానికి బదులుగా అంతర్జాతీయ పోటీ నిర్వహించి, బెల్జియంకు చెందిన యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించిన పద్ధతిని ఎంపిక చేశారు. 2001లో ఏఈఎస్ అనే పేరుతో అది ప్రమాణమైంది. దీనిలో 256 బిట్ల తాళంచెవిని వాడినప్పుడు సాధ్యమైన తాళంచెవుల సంఖ్య రాయడానికి 78 అంకెలు కావాలి. ఒక్కొక్కటిగా ప్రయత్నించి దీనిని తెరవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. ఇంతటి తాళం నేడు సామాన్యునికి ఉచితంగా లభిస్తోంది. విండోస్‌లోని కొన్ని రకాలలో బిట్‌లాకర్, యాపిల్ కంప్యూటర్లలో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ అనే సౌకర్యాలున్నాయి. వెరాక్రిప్ట్, సెవెన్ జిప్ వంటివి ఎవరైనా పొందవచ్చు.

తాళం ఇంత గట్టిదైనప్పుడు దొంగ దానితో పెనుగులాడడు. తాళంచెవి కోసం వెదకుతాడు. గుప్తీకరించిన ప్రతులలో బలహీనమైన చోటు ఎక్కువగా మనిషి ఎంచుకున్న పాస్‌వర్డే. తన పేరు, పుట్టిన సంవత్సరం, ఇష్టదైవం పేరు, అభిమాన నటుని పేరు, ఫోన్ నంబరు వంటివే చాలామందికి తోస్తాయి. దొంగకూ అవే మొదట తోస్తాయి. ప్రసిద్ధమైన పద్యపాదాన్నో సినిమా పాట పల్లవినో వాడినా ఫలితం అదే; లోకానికి తెలిసిన మాట రహస్యం కాజాలదు. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇందుకు చక్కని పరిష్కారం. 7,776 మాటల జాబితా నుండి పాచికలు వేసి, అవి చూపిన మాటలనే స్వీకరించాలి. అలా ఆరు మాటలు కూర్చితే సాధ్యమైన కూర్పుల సంఖ్యకు 24 అంకెలుంటాయి. తెలుగువారు ఇంగ్లీషు జాబితాపైనే ఆధారపడనక్కరలేదు. తెలుగు మాటల జాబితాను అంకెలతో తయారుచేసుకొని పాచికలు వేయవచ్చు. జామకాయ, తిరగలి, ఉత్తరం, వంతెన, మిరియం, గొడుగు అనే ఆరు మాటలు వరుసగా వస్తే వాటిని గుర్తుంచుకోవడం కష్టం కాదు. ఊహించడం మాత్రం దుర్లభం. ముద్రణకెక్కిన కారణంగా ఈ ఆరు మాటలు ఇక పనికిరావన్నది వేరే సంగతి. మాటల ఎంపికను మనసుకు వదలక పాచికలకు వదలడమే ఈ పద్ధతిలోని కీలకం.

ఈ చర్చలో రెండు అభ్యంతరాలు తరచుగా వినిపిస్తాయి. దాచుకోవలసినంత రహస్యం తమ వద్ద ఏముందని కొందరు అంటారు. ఈ వాదం పైకి నిరాడంబరంగా కనిపించినా విమర్శకు నిలవదు. ఒక ఇంటి కంప్యూటర్‌లో ఉండేది ఆ ఇంటి యజమాని సమాచారం మాత్రమే కాదు. తల్లి వైద్య నివేదిక, చెల్లెలి ఫోటోలు, మిత్రుల ఫోన్ నంబర్లు, ఉపాధ్యాయుడైతే విద్యార్థుల వివరాలు, న్యాయవాది అయితే కక్షిదారుల కాగితాలు అందులో ఉంటాయి. తన రహస్యాన్ని వదులుకునే స్వేచ్ఛ ఎవరికైనా ఉంటుంది. ఇతరుల రహస్యాన్ని వదిలివేసే స్వేచ్ఛ ఎవరికీ లేదు. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కులలో భాగమని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. హక్కు ఉన్నచోట దానిని కాపాడుకోవలసిన బాధ్యత కూడా ఉంటుంది.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. తాళంచెవి పోతే ఏమిటి గతి? దీనిని తేలికగా తోసిపుచ్చడం నిజాయితీ అనిపించుకోదు. ఇంటి తాళంచెవి పోతే తాళాన్ని పగలగొట్టవచ్చు. గుప్తీకరణ తాళానికి ఆ వెసులుబాటు లేదు. దొంగను ఆపే శక్తే యజమానినీ ఆపుతుంది. అమెరికాలో ఒక ప్రోగ్రామర్ తన 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవులను గుప్తీకరించిన ఒక చిన్న పరికరంలో దాచాడు. దాని పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. పది ప్రయత్నాలు విఫలమైతే ఆ పరికరం శాశ్వతంగా మూతబడుతుంది. 2021లో ఈ సంగతి లోకానికి తెలిసేనాటికి అతడు ఎనిమిది ప్రయత్నాలు వ్యయం చేశాడు. సొంత ధనం కళ్లెదుటే ఉన్నా చేతికందని దుఃస్థితి అది. తెలియకుండానే ఇటువంటి స్థితిలో పడేవారూ ఉన్నారు. కొన్ని కొత్త విండోస్ కంప్యూటర్లలో డిస్క్ దానంతట అదే గుప్తీకరణ పొందుతుంది. మరమ్మతు చేయించిన తరువాత ఒకనాడు తెరపై 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను అడిగేవరకు ఆ సంగతి యజమానికి తెలియదు.

అయితే ఈ భయానికి పరిష్కారం తాళం మానుకోవడం కాదు. తాళంచెవిని క్రమశిక్షణతో భద్రపరచడం. పాస్‌వర్డ్‌ను ఎక్కడా రాయరాదన్న పాత సలహా ఇక్కడ వర్తించదు. ఇంటి బ్యాకప్‌కు సంబంధించినంతవరకు కాగితంపై స్పష్టంగా రాసి దాచుకోవడమే వివేకం. ఇంటర్నెట్ ద్వారా చొరబడే దొంగ బీరువాలోని కాగితాన్ని చూడలేడు. ఆ కాగితాన్ని డిస్క్‌కే అంటించడం మాత్రం తాళానికే తాళంచెవి వదిలివేయడం అవుతుంది. డిస్క్ ఒక చోట, కాగితం మరొక చోట ఉండాలి. కాగితానికి రెండవ నకలు నమ్మకస్తులైన తల్లిదండ్రుల వద్దనో తోబుట్టువుల వద్దనో బ్యాంకు లాకర్‌లోనో ఉంచాలి. ఇంటి పెద్ద హఠాత్తుగా దూరమైనప్పుడు ఆ కుటుంబానికి కావలసిన బీమా పత్రాలు, బ్యాంకు వివరాలు తెరవరాని డిస్క్‌లో చిక్కుకుపోతే కలిగే కష్టాన్ని ముందుగానే ఊహించాలి. తెరిచే విధానాన్ని కూడా నాలుగు వాక్యాలలో ఆ కాగితంపై రాయడం మంచిది. ఏ ప్రోగ్రామ్‌తో గుప్తీకరించారో తెలియకుంటే పాస్‌వర్డ్ ఉండీ ప్రయోజనం లేదు. ఒకప్పుడు విశేష ప్రచారంలో ఉన్న ట్రూక్రిప్ట్ అనే ప్రోగ్రామ్ అభివృద్ధిని దాని రూపకర్తలు 2014లో నిలిపివేశారు. కనుక అయిదారు సంవత్సరాలకు ఒకసారి పాత ప్రతులను విప్పి చూసి, అవసరమైతే కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలి.

తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మరాదన్నది మరొక ముఖ్య విషయం. పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' చిత్రాన్ని నిర్మిస్తుండగా 1998లో ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో ఆ చిత్రానికి సంబంధించిన సమాచారంలో అధికభాగం చెరిగిపోయింది. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని తెలిసింది. ప్రసవం తరువాత ఇంటి నుండి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంటి కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ఆ చిత్రాన్ని కాపాడింది. మహాసంస్థకే తప్పని ఈ పరీక్ష సామాన్య గృహస్థునికి తప్పుతుందా? గుప్తీకరించిన ప్రతి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. సాధారణ డిస్క్ చెడితే కొన్ని ఫైళ్లయినా దక్కవచ్చు. గుప్తీకరించిన డిస్క్‌లో తాళంచెవి వివరాలున్న చిన్న భాగం చెడితే సమస్తమూ పోతుంది. అందువల్ల మూడు నెలలకు ఒకసారైనా వేరొక కంప్యూటర్‌లో ప్రతిని తెరిచి, నాలుగైదు ఫైళ్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. కాగితంపై రాసిన పాస్‌వర్డ్‌నే వాడి తెరిస్తే కాగితంలోని తప్పులు కూడా బయటపడతాయి.

ఒకే ప్రతిపై ఆధారపడడం కూడా క్షేమకరం కాదు. ఛాయాగ్రాహకుడైన పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ స్మరణీయం. సమాచారానికి మూడు ప్రతులుండాలి. అవి రెండు వేర్వేరు రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. దీనికి మరొక నియమం చేర్చాలి. కనీసం ఒక ప్రతి కంప్యూటర్‌కు తగిలించకుండా విడిగా ఉండాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రామ్ దాదాపు 150 దేశాలలోని కంప్యూటర్లపై విరుచుకుపడింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది యజమానుల ఫైళ్లనే గుప్తీకరించి, తాళంచెవి కావాలంటే సొమ్ము చెల్లించాలని బెదిరించింది. రక్షించవలసిన ఆయుధమే దొంగ చేతికి చిక్కితే ఏమవుతుందో ఆ ఘటన చాటింది. ఎల్లప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచే డిస్క్‌ను ఇటువంటి దాడి విడిచిపెట్టదు. ఇంటికి దూరంగా ఉంచే ప్రతిని ఇంటర్నెట్ ద్వారా ఏదైనా సంస్థ వద్ద దాచదలచినవారు ముందుగా తమ కంప్యూటర్‌లోనే గుప్తీకరించి, ఆ తరువాతే పంపాలి. తాళంచెవి సంస్థ చేతిలోనే ఉంటే ఆ రహస్యం ఇద్దరి రహస్యం అవుతుంది.

పని క్రమంలో కూడా మెలకువ అవసరం. ముందు డిస్క్‌ను గుప్తీకరించాలి. తరువాతే సమాచారం ఎక్కించాలి. ముందు ఎక్కించి తరువాత తాళం వేద్దామనుకుంటే తాళం లేని ప్రతుల ఆనవాళ్లు డిస్క్‌లో మిగిలిపోవచ్చు. ఫైలును చెరిపివేస్తే అది వెంటనే మాయమైపోదు. దాని స్థానంలో కొత్త సమాచారం చేరేవరకు ప్రత్యేక సాధనాలతో తిరిగి రాబట్టవచ్చు. పాత కంప్యూటర్లను, డిస్కులను అమ్మేవారు ఈ సంగతి విస్మరించరాదు. మొదటి నుండీ గుప్తీకరించి వాడిన డిస్క్‌కు ఈ బెడద లేదు.

గుప్తీకరణ మంత్రదండం కాదు. అది బాధ్యతను తొలగించదు. దాని చోటు మారుస్తుంది. గుట్టల కొద్దీ సమాచారాన్ని కాపలా కాయవలసిన అవస్థ నుండి మనిషిని విడుదల చేసి, ఆరు మాటలున్న ఒక కాగితాన్ని కాపాడే పని అప్పగిస్తుంది. ఆ చిన్న పనిని చిత్తశుద్ధితో చేయగలవారికి అది పెట్టని కోట. చేయనివారికి తమ సంపదపై తామే వేసుకున్న శాశ్వత ముద్ర. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. కొత్త కంప్యూటర్ కొన్న రోజునే తాళమూ వేయాలి, తాళంచెవికి చోటూ చూడాలి. రాతి అరలోని రాగిరేకుల అదృష్టం బాగుండి, శతాబ్దాల తరువాతనైనా పండితుల చేతులు వాటిని చేరుకోగలిగాయి. ఏఈఎస్ తాళం వేసిన పెట్టెకు అటువంటి అదృష్టం లేదు. దాని దారి తెలిసిన మనిషి ఒక్కడైనా మిగిలి ఉండాలి.